కుల్లూ పూలా చెప్పులు, భంగ్ గింజలు: ఒక గోగు రైతు కూతురి రివ్యూ

ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ చెప్పులు నా కాళ్లకే ఉన్నాయి. విశాఖలో మా ఫ్లాట్ గచ్చు తెల్లవారుజామున చల్లగా ఉంటుంది, నాకు మడమ నొప్పి. రబ్బరు చెప్పులు ఎన్ని మార్చినా పదిహేను రోజులు బాగుండేవి, మళ్లీ నొప్పి మొదలయ్యేది. ఈ పూలా వేసుకుని నాలుగు నెలలైంది. ఉదయం లేవగానే కాలు కింద పెట్టాలంటే ఇప్పుడు భయం లేదు. వైద్యం చేస్తాయని చెప్పను. నార అట్ట మందంగా ఉంది, కాలికి వెచ్చగా ఉంది, అంతే.

పూలా అంటే హిమాచల్ ప్రదేశ్‌లో కుల్లూ వైపు ఇంట్లో వేసుకునే చెప్పులు. అడుగు భాగాన్ని భంగ్ మొక్క నారతో జడలా అల్లి, చుట్టలు చుట్టి కుడతారు. పైభాగం రంగురంగుల ఊలు దారం. కుల్లూ టోపీ అంచున ఉండే డిజైనే దీని మీదా ఉంటుంది. తోలు ముక్క ఒక్కటీ లేదు కాబట్టి వంటగదిలోకీ, దేవుడి దగ్గరికీ వీటితో వెళ్లడానికి అక్కడ అభ్యంతరం లేదు. భంగ్ అంటే మనం గంజాయి అని పిలిచే మొక్కే. ఈ రివ్యూ ఇంత పొడుగవడానికి కారణం ఆ మొక్కే.

మా అమ్మాయి మండి ఐఐటీలో పీహెచ్‌డీ చేస్తోంది. 2025 దసరాకి దాని దగ్గరికి వెళ్లాను. వాళ్ల క్యాంపస్ కమాంద్‌లో ఉంది. అక్కడి నుంచి కటౌలా మీదుగా బజౌరా దిగి కుల్లూ చేరుకోవాలి. వానాకాలంలో కొండచరియలు విరిగిపడిన చోట్ల ఇంకా మట్టి తీస్తున్నారు, బండి ఆగి ఆగి వెళ్లింది. అలా ఆగిన ఒక మలుపులో రోడ్డు పక్కన మనిషి ఎత్తు మొక్కలు గుంపుగా కనిపించాయి. సన్నని పొడుగాటి కాడ, చేతివేళ్లు విప్పినట్టు ఆకు. "ఇక్కడ కూడా గోగు వేస్తారా?" అని అడిగాను. "అమ్మా, అది గోగు కాదు, భంగ్. దానంతటదే మొలుస్తుంది" అంది అమ్మాయి.

నేను పొరబడ్డానంటే దానికి కారణముంది. గోగులో ఒక జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరే హైబిస్కస్ కెన్నాబినస్. ఆకు గంజాయి ఆకులా ఉంటుందని ఆ పేరు. నేను పుట్టింది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర. నాన్న నలభై ఏళ్లు గోగు వేశాడు. తొలకరికి చల్లి, దసరా దాటాక కోసేవాళ్లం. ఆకు చూసి గోగు అనుకోవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటైన పని.

మన భాషలో కూడా ఈ నారల పేర్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. గోనెసంచుల నార జూట్‌నీ జనపనార అంటాం, భంగ్ నార అయిన హెంప్‌నీ జనపనార అనే రాస్తాం. పొలంలో పచ్చిరొట్టకి వేసే జనుము వేరే మొక్క. గోగు ఇంకొకటి, దాని ఆకు మనం తినే గోంగూర. గంజాయి మరొకటి. "హిమాచల్‌లో జనపనార సాగుకి అనుమతి" అని పేపర్లో వస్తే నాన్న గోనెసంచుల మిల్లు పెడుతున్నారనుకుంటాడు. అందుకే ఇక్కడ నేను భంగ్ అనే రాస్తాను, వాళ్లు అలాగే అంటారు కాబట్టి.

కుల్లూలో దసరా మనకు అయిపోయిన రోజున మొదలవుతుంది. విజయదశమి నాడు రఘునాథుడి రథం లాగుతారు, అక్కడి నుంచి ఏడు రోజుల పండగ. కొండల మీద ఊళ్ల నుంచి దేవుళ్లంతా పల్లకీల్లో ఢాల్‌పూర్ మైదానానికి వస్తారు. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను. ఆ ఏడాది నేను చూడలేకపోయాను. ఆ వెలితి మనసులో ఉండగానే పల్లకీలు చూసి రెండు చేతులూ జోడించాను.

మైదానంలో శాలువాల దుకాణాలు వరసగా ఉన్నాయి. వాటి చివర ఒక మహిళా సంఘం వాళ్ల చిన్న స్టాల్. నాలుగు రకాల పూలా, రెండు చుట్టలు తాడు, పాకెట్లలో గింజలు. స్టాల్‌లో కూర్చున్న అక్క అమ్ముతూనే అల్లుతోంది. నేను ఆగింది చెప్పుల కోసం కాదు, ఆమె చేతుల కోసం. కుడి తొడ మీద నార పెట్టి అరచేత్తో ఒక్క తోపు తోసి పురి ఎక్కిస్తోంది. మా నాన్నమ్మ పలుపులు పేనిన తీరు అదే. నేను పక్కనే కూర్చుని, అనుమతి అడిగి, ఆ నార తీసుకుని పేనాను. ఆమె ఒక్కసారిగా తల ఎత్తి చూసింది. అక్కడి నుంచి మాకు భాష అడ్డు రాలేదు, అర్థం కాని చోట మా అమ్మాయి హిందీలో చెప్పింది.

మామూలు జత ఆరు వందలు, డిజైన్ ఎక్కువ ఉన్నది తొమ్మిది వందలు. జతకి రెండు మూడు రోజులు పడుతుందని చెప్పింది. నేను డిజైన్ ఉన్నది ఒకటి నాకు, మామూలుది ఒకటి నాన్నకి తీసుకున్నాను. బేరం ఆడలేదు. మూడు రోజుల పనికి ఆరు వందలంటే కూలి ఎంత పడిందో లెక్క వేసుకుంటే ఆడబుద్ధి కాలేదు.

ఇక లోపాలు. చెప్పుల మీద సైజు నంబరు ఉండదు, కాలు పెట్టి చూసుకోవాల్సిందే. మొదటి వారం బొటనవేలి దగ్గర ఒరుసుకుంది, కొబ్బరినూనె రాసుకున్నాను. మొదటి పది రోజులు నార పొడి రాలింది, రోజూ ఊడ్చుకున్నాను. నా జతలో ఎడమదాని అట్ట ఒక వైపు కాస్త ఎత్తుగా ఉంది, ఇప్పటికి అణిగిపోయింది. తడి తగలనివ్వకూడదు. ఒకసారి బాత్రూమ్ దగ్గర తడిస్తే ఆరడానికి రెండు రోజులు పట్టింది, ఆరేలోపు వాసన వచ్చింది. తడి టైల్స్ మీద జారతాయి కూడా. పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఈ మాట గుర్తుంచుకోండి. కాలు పెట్టి చూసుకునేటప్పుడు కొంచెం బిగుతుగా ఉన్నదే తీసుకోండి, వాడేకొద్దీ సాగుతాయి.

చెప్పులకు నేను ఇచ్చేది ఐదుకి నాలుగున్నర. ఆ అర తగ్గింది సైజు విషయంలోనే.

ఈ నార ఎక్కడిది అని అడిగినప్పుడు అక్క చెప్పింది విన్నాక, నేను కొన్నది ఒక వస్తువే కాదని అర్థమైంది. నార కోసం ఎవరూ పంట వేయరు. ఇంటి వెనక, వాగు పక్కన దానంతటది మొలిచిన మొక్క గింజ ముదిరాక కోస్తారు. గింజ దులిపి, కాడలు ఎండబెట్టి, మంచు పడే నెలల్లో పొయ్యి దగ్గర కూర్చుని బెరడు ఒలుస్తారు. అయితే ఏటా భంగ్ మొక్కలు పీకేసే డ్రైవ్‌లు జరుగుతాయి. మత్తుకి వాడేవాళ్లను ఆపాలి, అందులో ఆమెకీ రెండో మాట లేదు, ఆమెకూ ఎదిగిన కొడుకు ఉన్నాడు. కానీ ఊరి చుట్టుపక్కల మొక్కంతా పోతే చెప్పులకు నార ఎక్కడి నుంచి తేవాలన్నది ఆమె దిగులు. పై ఊరి వాళ్ల దగ్గర నార కొనుక్కుంటోందట. అది ఖరీదు పెరుగుతోంది, చెప్పు ధర పెంచితే కొనేవాళ్లు తగ్గుతున్నారు.

చట్టం సంగతి కాస్త చెప్పాలి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల చట్టం, గంజాయి మొక్క సాగుని నిషేధిస్తుంది. అనుమతి లేకుండా సాగు చేస్తే 20వ సెక్షన్ కింద పదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అదే చట్టంలో 14వ సెక్షన్, నార కోసమో గింజ కోసమో సాగు చేసుకోవడానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వవచ్చని చెబుతుంది. ఆ దారి చట్టం పుట్టినప్పటి నుంచీ ఉంది. మొదట దాన్ని వాడుకుని 2018లో సాగు లైసెన్సు ఇచ్చింది పక్క రాష్ట్రం ఉత్తరాఖండ్. మొక్కలో మత్తు పదార్థం, అంటే టీహెచ్‌సీ, 0.3 శాతం దాటకూడదన్నది అక్కడి షరతు.

హిమాచల్ 2023 ఏప్రిల్‌లో రెవెన్యూ మంత్రి జగత్ సింగ్ నేగి అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. అధికార పక్షం వాళ్లూ, ప్రతిపక్షం వాళ్లూ అందులో ఉన్నారు. కుల్లూ, మండి, చంబా, కాంగ్రా, సిర్మౌర్, సోలన్ జిల్లాల్లో పంచాయతీ ప్రతినిధులతో మాట్లాడారు, ఉత్తరాఖండ్ లాంటి చోట్లకు వెళ్లి చూసొచ్చారు. ఆ నివేదికను అసెంబ్లీ 2024 సెప్టెంబరు 6న ఆమోదించింది. 2025 జనవరిలో క్యాబినెట్ పైలట్ స్టడీకి ఒప్పుకుని ఆ పని పాలంపూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికీ, నౌణీ ఉద్యాన విశ్వవిద్యాలయానికీ అప్పగించింది. అక్క ఊరి నుంచి కూడా పంచాయతీ వాళ్లు వెళ్లి మాట్లాడి వచ్చారట. అభిప్రాయాలు అడగడానికి జిల్లాలకు వెళ్లడం నాకు చాలా నచ్చింది. మా గోగు సంగతి మమ్మల్ని ఎవరైనా ఊరికొచ్చి అడిగి ఉంటే అని అనిపించింది, నిజంగా కడుపులో నుంచి అనిపించింది.

"మీ ఊళ్లో ఎవరికైనా పర్మిట్ వచ్చిందా?" అని అడిగాను. ఇంకా ఎవరికీ రాలేదు అంది. "వస్తే మాకు లాభమా, నష్టమా? నువ్వు నార రైతు కూతురివి కదా, నువ్వు చెప్పు" అని నన్నే అడిగింది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. పొద్దున్నే కూర్చుని తెలుగులో నాలుగు పేజీలు రాశాను. అమ్మాయి దాన్ని హిందీలోకి మార్చి రాసింది. తిరుగు ప్రయాణానికి ముందు మళ్లీ స్టాల్‌కి వెళ్లి ఆ కాగితాలు అక్క చేతికిచ్చాను, మీ పంచాయతీలో మళ్లీ ఎప్పుడు మాట్లాడినా ఇవి చూపించు అని. అందులో ఏం రాశానో చెప్పాలంటే మా గోగు కథ చెప్పాలి.

గోగు చట్టం ఒప్పుకున్న పంట. దానికి పర్మిట్ అక్కర్లేదు, పోలీసు భయం లేదు. దాని కోసం ఆమదాలవలసలో ప్రభుత్వ పరిశోధన కేంద్రం ఉంది. ఏఎంవీ అనే రకాలు అక్కడ పుట్టినవే. నాన్న ఆ విత్తనమే వేసేవాడు. అమ్మడానికి జూట్ మిల్లులు పక్కనే ఉండేవి, నెల్లిమర్లలో, విజయనగరంలో, బొబ్బిలిలో. అంతేకాదు, 1987లో కేంద్రం ఒక చట్టం చేసింది, ఫలానా సరుకులు జనపనార సంచుల్లోనే నింపాలని. ఇప్పుడు కూడా ఆహారధాన్యాలన్నీ, పంచదారలో 20 శాతం గోనెసంచుల్లోకే వెళ్లాలన్నది నియమం. విత్తనం ఉంది, మిల్లు ఉండేది, సంచి కొనాలన్న చట్టం ఉంది. అయినా మా ఊళ్లో ఇప్పుడు గోగు వేసేవాళ్లు లేరు.

ఎందుకు పోయింది అంటే, నాన్న మాటల్లో చెప్తాను: "నీళ్లు పోయాయి, మనుషులు పోయారు, మిల్లు పోయింది." గోగు కోసి, మోపులు కట్టి, ఆకు రాలాక చెరువులో ఊరవేయాలి. మోపుల మీద మట్టిగడ్డలో, రాళ్లో బరువు పెట్టాలి. పదిహేను ఇరవై రోజులకి కుళ్లు వాసన ఊరంతా వస్తుంది. అప్పుడు నడుం లోతు నీళ్లలో నిలబడి ఒక్కొక్క కాడా పట్టుకుని నార లాగాలి. జలగలు పట్టేవి. చేతులు ఒరిసి, వేళ్ల సందులు పాసిపోయేవి. అమ్మ అన్నం కలుపుకోలేక చెంచాతో తిన్న రోజులు నాకు తెలుసు. తర్వాత్తర్వాత చెరువులో చేపలు వేలం వేశారు, నార ఊరవేస్తే చేప చచ్చిపోతుందని ఒప్పుకోలేదు. కూలీలు ఆ నీళ్లలోకి దిగడానికి ఇష్టపడలేదు, అది వాళ్ల తప్పు కాదు. మిల్లు ఒకసారి లాకౌట్ అయితే ఎప్పుడు తెరుస్తారో తెలిసేది కాదు. ఒక ఏడాది మా నార మొత్తం ఇంటి పెరట్లో తాటాకుల కింద వేసవి దాకా ఉండిపోయింది. నాన్న ఆ ఏడాదే నా పెళ్లి అనుకుని, వాయిదా వేశాడు. గోగు పుల్లలతో దడి కట్టుకోవడం, పొయ్యిలో పెట్టుకోవడం తప్ప ఆ పంట నుంచి ఆ ఏడాది మాకు ఏమీ రాలేదు.

అందుకే అక్కకి రాసిన మొదటి మాట ఇది: పర్మిట్ ఒక్కటే వస్తే సంతోషపడకండి. పర్మిట్‌తో పాటు కొనేవాడెవరో, ఎక్కడ కొంటాడో, ఏ నెలలో డబ్బిస్తాడో ఆ నియమాల్లోనే రాయించండి. మీ దగ్గర నార తీసే పద్ధతి ఎండబెట్టి ఒలవడం. యంత్రం వస్తే ఆ యంత్రం లోయలో ఉండాలా, మీ ఊళ్లో ఉండాలా అని ముందే అడగండి. కాడ చాలా బరువు, కొండ కిందికి దింపితే వచ్చింది కిరాయికే పోతుంది.

రెండో మాట టెస్ట్ గురించి. 0.3 శాతం అనేది రైతు కంటితో చూసి తెలుసుకునేది కాదు. మొక్క ముదిరేకొద్దీ ఆ శాతం పెరుగుతుంది. ఈ వారం పాసైన పంట మూడు వారాల తర్వాత ఫెయిల్ కావచ్చు. పైగా భంగ్ పుప్పొడి గాలికి ఎగురుతుంది. కొండంతా అడవి భంగ్ ఉన్న చోట, తక్కువ మత్తు ఉన్న విత్తనం తెచ్చి వేసినా, సొంత గింజ దాచుకుని వచ్చే ఏడాది వేస్తే అది ఏమవుతుందో చెప్పలేం. రైతు తప్పు లేకుండా పంట గీత దాటితే దాన్ని నేరంగా చూస్తారా? ఆకు, పూత తీసేసి కాడని నారకి ఇవ్వనిస్తారా? శాంపిల్ తీసిన రోజు నుంచి ఎన్ని రోజుల్లో కోయాలి? కొండ మీద వాన పడితే ఆ గడువు పొడిగిస్తారా? ఈ నాలుగూ ప్రశ్నలుగానే రాశాను.

మూడో మాట అక్క లాంటి వాళ్ల కోసం. వాళ్లు సాగు చేయరు, దానంతటది మొలిచిన దాని నార తీస్తారు. కొత్త నియమాల్లో సాగుదారు ఉంటాడు, ఫ్యాక్టరీ ఉంటుంది. ఈ ఇద్దరి మధ్య పొయ్యి దగ్గర కూర్చుని బెరడు ఒలిచే మనిషికి ఒక పేరు ఉండాలి, ఒక కార్డు ఉండాలి, ఫీజు లేకుండా. సాగుకి లైసెన్సు వచ్చాక "లైసెన్సు లేని నార" అని వీళ్ల తాడునే పట్టుకుంటే అంతకన్నా అన్యాయం ఉండదు. ఈ వాక్యం రాసేటప్పుడు నా చెయ్యి వణికింది.

ఇప్పుడు గింజల సంగతి. పావుకిలో పాకెట్ నూట యాభై రూపాయలు. గింజ మిరియం కన్నా చిన్నది, బూడిద రంగులో పైన గీతలు గీతలుగా ఉంటుంది. మేం దిగిన ఇంటి ఆంటీ వేయించిన గోధుమలతో కలిపి సాయంత్రం టీతో పెట్టింది. మా మరమరాల్లా చేత్తో తీసుకుని నములుతూ కూర్చోవచ్చు. కొండ చలిలో అది ఎంత బాగుందో చెప్పలేను. మత్తు వస్తుందేమోనని మొదటి గుప్పెడు తిన్నాక నేను టెన్షన్ పడ్డాను. ఏమీ రాదు. మత్తు ఎక్కువగా పూత కంకిలో, దాని జిగురులో ఉంటుంది, గింజలో కాదు. కంకి లేకుండా ఉన్న గింజని ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయిగా లెక్కపెట్టదు. 2021 నవంబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా గింజనీ, గింజ నూనెనీ, పిండినీ ఆహారంగా ఒప్పుకుంది. కిలో గింజల్లో టీహెచ్‌సీ 5 మిల్లీగ్రాములు, కిలో నూనెలో 10 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఇంటికొచ్చాక నేను చేసినవి మూడు. ఒకటి పొడి: మూకుట్లో సన్న సెగ మీద చిటపటలాడే దాకా వేయించి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు వేసి రోట్లో దంచాను. నువ్వుల పొడికీ, అరకు వైపు వలిసెల పొడికీ మధ్యలో ఉంది రుచి. వేడన్నంలో నెయ్యితో చాలా బాగుంది. రెండోది ఉత్తరాఖండ్‌లో కుమావూ, గఢ్వాల్ వైపు చేసే చట్నీ: వేయించిన గింజ, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం. దోశలోకి మా ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. మూడోది చిమ్మిలి. నువ్వుల బదులు ఇవి వేసి బెల్లంతో దంచితే ఉండ కట్టింది కానీ పొట్టు పళ్లలో ఇరుక్కుంది. పళ్లు బాగా లేనివాళ్లు తినలేరు. చిమ్మిలికి మాత్రం మన నువ్వులే.

పాకెట్‌లో రాళ్లు ఉన్నాయి. రెండు మూడు కాదు, చాట నిండా చెరిగితే చిటికెడు వచ్చాయి. కళ్లంలో దులిపిన గింజకి రాయి రావడం నాకు తెలిసిన విషయమే, చెరిగి, కడిగి, ఎండబెట్టి వాడుకున్నాను. కానీ చెరగడం తెలియని పిల్లలు అలాగే వేయించి తింటే పన్ను విరుగుతుంది. పాకెట్ మీద ఊరి పేరు లేదు, ఎప్పుడు కోసిందో లేదు, టెస్ట్ మాటే లేదు. పోల్చి చూద్దామని ఆన్‌లైన్‌లో ఒక కంపెనీ పాకెట్ కూడా తెప్పించాను. పొట్టు తీసిన గింజ, పావుకిలోకి దాదాపు ఐదు వందలు. లైసెన్సు నంబరు, తేదీ, పోషకాల పట్టిక అన్నీ ఉన్నాయి, రాయి లేదు, నోట్లో వెన్నలా ఉంది. కానీ ఏ ఊళ్లో పండిందో దాని మీదా లేదు. వేయిస్తే మాడిపోతుంది, పొడికి పనికిరాదు. నా ఓటు రాళ్లున్న పాకెట్‌కే, మార్కులు ఐదుకి మూడు. రాళ్లు తీసి, మీద ఊరి పేరు వేస్తే నాలుగున్నర ఇస్తాను. ఆ మాట కూడా కాగితంలో రాశాను: చిన్న సంఘాలన్నీ కలిసి వాడుకునేలా జల్లెడ యంత్రం, టెస్ట్ చేయించే ఖర్చు ప్రభుత్వం భరిస్తే ఆ నూట యాభై రూపాయల గింజ రెండు వందల యాభైకి ఎక్కడైనా అమ్ముడవుతుంది.

ఢిల్లీలో ఒక పెద్ద దుకాణంలో "హెంప్" అని రాసిన భుజానికేసుకునే సంచి పద్దెనిమిది వందలకి కొన్నాను. నార ఎక్కడిదో, ఎంత శాతం హెంపో ట్యాగ్ మీద లేదు, అడిగితే తెలియదన్నారు. రెండో నెలలో పట్టీ కుట్టు ఊడింది. దాని గురించి ఇంకేం రాయను.

ప్రయాణం గురించి ఒక మాట, ఇక్కడివాళ్లకి ఇది అవసరం కాబట్టి. గింజల పాకెట్ మీద భంగ్ అని హిందీలో పెద్ద అక్షరాలతో ఉంది. విశాఖ వాళ్లకి ఆ మాట ఎంత భయమో చెప్పక్కర్లేదు. పాడేరు, చింతపల్లి వైపు నుంచి వచ్చే బస్సులు ఆపి సంచులు వెతకడం మేం చూస్తూ పెరిగాం. 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో ఏజెన్సీలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికించారు. ఆ తోటల వల్ల చదువు మానేసి జైలుకెళ్లిన పిల్లలు మా చుట్టుపక్కల ఉన్నారు. అందుకని అక్క చేత బిల్లు మీద "తినే గింజ" అని రాయించుకున్నాను, పాకెట్‌తో పాటే పెట్టుకున్నాను. ఎయిర్‌పోర్టులో ఎవరూ ఆపలేదు. అయినా విశాఖలో దిగేదాకా నాకు స్థిమితం లేదు.

నాన్నకి డెబ్బై ఎనిమిదేళ్లు. చెప్పులు వేసుకుని వాకిట్లో రెండుసార్లు తిరిగి, "బాగున్నాయమ్మా" అని తీసి పక్కన పెట్టాడు. ఆయనకి చెప్పుల కన్నా నార ముఖ్యం. అక్క ఇచ్చిన గుప్పెడు నార సంచిలోంచి తీసి చేతిలో పెట్టాను. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు, ఊరిన వాసన లేదని ఆశ్చర్యపోయాడు. ఒక పోగు విడదీసి రెండు చేతులకీ చుట్టుకుని లాగాడు, తెగలేదు. "మన నార కన్నా గట్టిది, నిగనిగ తక్కువ" అన్నాడు. ఆ తర్వాత గింజలు చూశాడు. అరచేతిలో పోసుకుని, ఒకటి పంటితో కొరికి, "ఇది మొలుస్తుందా?" అని అడిగాడు.

ఏం చెప్పాలో నాకు ఒక్క నిమిషం తోచలేదు. గింజ కనిపిస్తే మొలుస్తుందా అని అడగడం ఆయన జీవితం. మొలిచినా మనం నాటకూడదు నాన్నా, ఇక్కడ పర్మిట్ లేదు, నేరం, అని చెప్పాను. ఆయన గింజలన్నీ లెక్కపెట్టినట్టు జాగ్రత్తగా పాకెట్‌లో పోసేసి, "అయితే ఆ చెప్పులు అల్లే అమ్మాయినైనా సరిగ్గా వేసుకోనియ్యమను" అన్నాడు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ గుప్పెడు నార పేని దూడకి పలుపు చేసి ఉంచాడు. అక్కకి దాని ఫోటో పంపాను. వచ్చే విడత పూలా శివరాత్రికి సిద్ధమవుతాయట. ఈసారి పాదం కొలత కాగితం మీద గీసి పంపితే దానికి సరిపడా అల్లి ఇస్తానంది. మా పిన్నులవీ, పక్కింటి వాళ్లవీ కలిపి ఏడు పాదాల గీతలు పంపించాను.